ఉప్పుగాలిలో రేడియో: చెరువు గట్ల మీద వైర్‌లెస్ పరికరాలను కాపాడుకునే పద్ధతి

"వానొస్తే నెట్టు పోతోందండీ. వాన వెలిశాక కూడా రెండ్రోజులు రావట్లేదు." నేను ఎక్కువసార్లు విన్న ఫిర్యాదు ఇదే. అంతర్వేది, సఖినేటిపల్లి, మలికిపురం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద రేడియోలు (తీగ లేకుండా నెట్ సిగ్నల్ పంపే పరికరాలు), కెమెరాలు బిగించడం నా పని. రైతు ఇంటి డాబా మీద ఒక డిష్, రెండు మూడు కిలోమీటర్ల అవతల చెరువు షెడ్డు మీద ఇంకో డిష్ పెడతాం. రాత్రిపూట ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో ఆయన మంచం మీద నుంచే ఫోన్లో చూసుకుంటాడు. ఏరేటర్లు ఆగితే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి రొయ్యలు చచ్చి తేలతాయి. లింకు పోయిన రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

ఆ ఫిర్యాదులోనే జబ్బు ఏమిటో ఉంది. మనం వాడే 5 గిగాహెర్ట్జ్ రేడియోలకు వాన పెద్ద అడ్డు కాదు. కుండపోతలో కూడా కిలోమీటరుకు ఒక డెసిబెల్ (సిగ్నల్ బలానికి కొలత) పోదు. 60 గిగాహెర్ట్జ్ లింకులైతే వానకు నిజంగానే పడిపోతాయి, అది వేరే సంగతి. కాబట్టి వాన పడుతుండగా సిగ్నల్ కాస్త తగ్గి, వెలిసిన పది నిమిషాలకు మళ్ళీ వచ్చేస్తే భయపడక్కర్లేదు, డిష్ మూత మీద తడి ఆరిపోయిందంతే. వాన వెలిసి ఎండ కాసినా రెండు రోజులు లింకు ఈడుస్తూనే ఉందంటే మాత్రం నీళ్ళు లోపలికి వెళ్ళాయి. కనెక్టర్లోనో, కేబుల్లోనో, బాక్సులోనో ఉన్నాయి. ఎండకు ఆరి తాత్కాలికంగా బాగుపడినా సంతోషించకండి. ఆరేది నీరే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. మరుసటి వానకు ఆ ఉప్పే తేమను పట్టి ఉంచుతుంది.

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక చెరువు దగ్గర స్విచ్, కేబుళ్ళు పెట్టే బాక్సు బిగించాను. నీళ్ళు వెళ్తాయేమోనన్న భయంతో మూత చుట్టూ, గ్లాండ్ల (కేబుల్ బాక్సులోకి దూరే చోట బిగించే రబ్బరు బిరడాల) చుట్టూ, స్క్రూల మీద, కింద కూడా సిలికాన్ సీలెంట్ దట్టంగా పూశాను. ఒక్క సందు వదల్లేదు. కార్తీకమాసం వానలు వెళ్ళాక తెరిస్తే లోపల టీ గ్లాసుడు నీళ్ళున్నాయి. పీఓఈ స్విచ్ (నెట్ కేబుల్లోనే రేడియోకు కరెంటు కూడా పంపే పెట్టె) అడుగు భాగం ఆ నీళ్ళలో మునిగి ఉంది. నీళ్ళు మూత నుంచి రాలేదు, గ్లాండు నుంచీ రాలేదు. స్తంభం పైన ఉడత కేబుల్ తోలు కొరికింది. అక్కడ దిగిన నీరు కేబుల్ లోపలే, తీగల మధ్య సందుల్లోంచి, గొట్టంలో వచ్చినట్టు పన్నెండు అడుగులు దిగి బాక్సులో పడింది. నేను అన్నీ మూసేశాను కాబట్టి బయటికి పోయే దారి లేక అక్కడే నిలిచింది. ఆ స్విచ్ ఖరీదు నేనే కట్టాను. అప్పటినుంచి నేను ఏ పని చేసినా ముందు ఒకటే చూస్తాను: ఇక్కడ పడిన చుక్క ఎటు జారుతుంది, ఎక్కడ రాలుతుంది?

మన పెంకుటిళ్ళు చూడండి. పెంకులకు సీలెంట్ ఎవరూ పూయరు. చూరు దగ్గర మొదలుపెట్టి వరస మీద వరస పైకి పేర్చుకుంటూ వెళ్తారు. పై పెంకు కింది పెంకు మీద కప్పుతుంది. నీరు పెంకుల పైపైనే జారి చూరు నుంచి రాలిపోతుంది. రేడియో స్తంభం మీద మనం చేసే పని కూడా అచ్చం అలాగే ఉండాలి.

ఐపీ నంబరు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

పెట్టె మీద ఐపీ65 అనో ఐపీ67 అనో రాసి ఉంటుంది. దుమ్మును, నీటిని అది ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు ఇది. మొదటి 6 అంటే దుమ్ము చొరబడదని. రెండో అంకె నీటిది. 5 అంటే గొట్టంతో నీళ్ళు చిమ్మినా తట్టుకుంటుంది, 7 అంటే మీటరు లోతు నీళ్ళలో 30 నిమిషాలు ముంచినా తట్టుకుంటుంది. 67 వచ్చినది 65 కూడా అవుతుందని గ్యారంటీ లేదు, ఆ పరీక్షలు వేరు వేరు. అంతకన్నా ముఖ్యం, ఈ పరీక్షలు కొత్త వస్తువు మీద, మంచినీళ్ళతో చేస్తారు. మూడు ఎండాకాలాలు కాగిన రబ్బరు వాషర్ ఎలా ఉంటుందో ఆ నంబరు చెప్పదు. ఉప్పుగాలి గురించి అసలే చెప్పదు. ఉప్పుకు సాల్ట్ స్ప్రే పరీక్ష అని వేరే ఉంది. సముద్రం ఒడ్డున పెట్టే సామాను కొనేటప్పుడు స్పెసిఫికేషన్ కాగితంలో ఆ మాట ఉందో లేదో వెతకండి. బాక్సుకు నీమా 4ఎక్స్ (అమెరికా వాళ్ళ ప్రమాణం) అని రాసి ఉంటే, ఆ ఎక్స్ అక్షరం తుప్పు తట్టుకుంటుందని చెప్పడానికే.

మా చెరువుల దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఏరేటర్ రెక్కలు రాత్రంతా ఉప్పునీళ్ళు చిమ్ముతాయి. ఆ తుంపర గాలికి గట్టు మీద ఉన్న ప్రతిదాని మీదా పడుతుంది. అందుకని ఏరేటర్‌కు గాలి దిగువన స్తంభం పాతను. గాలి ఎటు వీస్తుందో రైతునే అడుగుతాను, ఆయనకు నాకన్నా బాగా తెలుసు.

షెడ్డులో బాక్సు పెట్టేటప్పుడు బ్లీచింగ్ పౌడర్ బస్తాలు ఎక్కడున్నాయో చూడండి. దాని నుంచి వచ్చే క్లోరిన్ వాసన మనుషుల ముక్కుకే కాదు, రాగికీ విషమే. ఒక షెడ్డులో బస్తాల పైన గోడకు బిగించిన స్విచ్‌లో, చుక్క నీరు తగలకుండానే, ఆరు నెలల్లో ప్రతి పోర్టూ పచ్చబడిపోయింది. "బాబాయ్, అయితే బాక్సన్నా మార్చాలి, లేదా బస్తాలన్నా మార్చాలి" అన్నాను. ఆయన బస్తాలే మార్పించాడు. లెడ్ యాసిడ్ బ్యాటరీ సంగతీ అంతే. రేడియో స్విచ్‌తో కలిపి ఒకే మూసిన బాక్సులో దాన్ని ఎప్పుడూ పెట్టకండి.

కేబుల్

ఎక్కువ డబ్బు ఇక్కడ పెట్టండి. డిష్ ఖరీదైనది కొని, ఇంట్లో వాడే బూడిదరంగు కేబుల్ వేసేవాళ్ళను చాలామందిని చూశాను. ఆ పీవీసీ తోలు రెండు ఎండాకాలాలకు పెళుసెక్కి చిట్లుతుంది. బయట వాడేందుకు చేసిన నల్ల పాలిథిన్ తోలు కేబుల్ కావాలి. ఆ నలుపు కార్బన్, ఎండలోని అతినీలలోహిత కిరణాలను అదే ఆపుతుంది. లోపల జెల్ నింపినది దొరికితే ఇంకా మంచిది, తోలు ఎక్కడైనా తెగినా నీరు లోపల ప్రయాణించదు. క్రింపింగ్ చేసేటప్పుడు, అంటే కేబుల్ కొనకు ప్లగ్గు నొక్కి బిగించేటప్పుడు, చేతులు జిగటగా అవుతాయని మా కుర్రాళ్ళు విసుక్కుంటారు గానీ, టీ గ్లాసుడు నీళ్ళు చూసినవాణ్ణి కాబట్టి నేను ఒప్పుకోను.

తీగ పూర్తి రాగిదై ఉండాలి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన తీగలు చవగ్గా దొరుకుతాయి. వాటితో రెండు కష్టాలు: కరెంటుకు నిరోధం ఎక్కువ కాబట్టి దూరం పెరిగేకొద్దీ పైన రేడియోకు వోల్టేజీ చాలదు. పైగా పూత గీసుకుపోయిన చోట ఉప్పు తేమ తగిలితే అల్యూమినియం తెల్లటి పొడి అయిపోతుంది. కొనే ముందు ఒక తీగ కొనను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే వద్దు.

కట్టడానికి తెల్ల నైలాన్ టైలు వాడకండి, ఏడాదిలో వాటంతటవే తెగి రాలతాయి. ఎండ తట్టుకునే నల్లవి వాడండి. సముద్రానికి దగ్గరైతే స్టీలు టైలు వాడండి. వాటి కింద కేబుల్‌కు ఒక రబ్బరు ముక్క చుట్టండి, లేకపోతే గాలికి ఊగి టై అంచే తోలును కోస్తుంది. ఉడతలున్న కొబ్బరితోటల్లో స్తంభం పై భాగాన కేబుల్‌ను ఫ్లెక్సిబుల్ పైపులోంచి తీసుకెళ్ళడం మంచిది. ఆ పైపుకు కింద కొన మూయకండి.

ప్రతి చోటా, రేడియోలోకి వెళ్ళే ముందు, బాక్సులోకి వెళ్ళే ముందు, గోడలోకి వెళ్ళే ముందు, కేబుల్‌ను ఒక వంపు కిందికి వేలాడదీసి మళ్ళీ పైకి తీసుకెళ్ళండి. పైనుంచి తోలు మీద జారొచ్చిన నీరు ఆ వంపు అడుగున రాలిపోతుంది. చూరు చేసే పనే ఇది. గోడకు చిల్లు వేసేటప్పుడు లోపలి వైపు ఎత్తుగా, బయటి వైపు పల్లంగా ఉండేలా డ్రిల్లు ఏటవాలుగా పట్టండి. సమంగా వేసిన చిల్లులోంచి ఈదురుగాలి వాన లోపలికి తోసుకొస్తుంది.

కనెక్టర్ చుట్టడం

పని మొత్తంలో ఓపిక కావాల్సింది ఇక్కడ. తొందరున్న రోజు ఈ పని పెట్టుకోకండి. తడి గాలిలో కూడా వద్దు. చలికాలం పొద్దున్నే మంచు కురిసినప్పుడు లోహం మీద కంటికి కనపడని తేమ ఉంటుంది, దాన్ని లోపల పెట్టి చుట్టేస్తే మనమే నీళ్ళు పోసి మూత పెట్టినట్టు. నేను పదిగంటల తర్వాతే మొదలుపెడతాను.

యాంటెన్నా వేరుగా ఉండే రేడియోలకు ఎన్ టైపు కనెక్టర్లు, అంటే మరలతో తిప్పి బిగించే లోహపు కనెక్టర్లు, ఉంటాయి. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి. వేళ్ళ జిడ్డు, పాత జిగురు పోవాలి. బిగించాక మూడు పొరలు చుట్టాలి.

మొదటి పొర మామూలు మంచి రకం పీవీసీ ఇన్సులేషన్ టేపు, ఒక్క చుట్టు. ఇది నీటిని ఆపడానికి కాదు, రేపు విప్పాల్సి వస్తే పైన వేసే రబ్బరు కనెక్టర్ మరల్లో ఇరుక్కోకుండా శుభ్రంగా ఊడి రావడానికి.

రెండో పొర తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు. సెల్ఫ్ ఫ్యూజింగ్ టేపు, సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపు అని అడిగితే ఇస్తారు. దీనికి జిగురు ఉండదు. వెడల్పు సగమయ్యేదాకా సాగదీసి చుట్టాలి, ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పాలి. సాగదీయకుండా చుడితే అతుక్కోదు. చాలామంది చేసే తప్పు ఇదే. సరిగ్గా చుడితే కొన్ని గంటల్లో పొరలన్నీ కరిగి ఒకే రబ్బరు ముద్ద అవుతాయి, గోరు పెట్టినా అంచు దొరకదు. కనెక్టర్‌కు అటూ ఇటూ కేబుల్ మీదికి రెండంగుళాల దాకా పోనివ్వండి.

మూడో పొర మళ్ళీ పీవీసీ టేపు. రబ్బరు ఎండకు చిట్లకుండా దీన్ని గొడుగులా వేస్తాం. ఈ పొర కింద నుంచి పైకి చుట్టుకుంటూ వెళ్ళాలి, పెంకుల లెక్క. పై నుంచి కిందికి చుడితే ప్రతి చుట్టు అంచూ నోరు తెరుచుకుని పైకి చూస్తుంటుంది, వాన నేరుగా అందులోకి దిగుతుంది. ఆఖరి చుట్టు సాగదీయకండి, టేపును లాగి తెంపకండి, బ్లేడుతో కోసి నొక్కండి. సాగిన కొన మళ్ళీ ముడుచుకుని నాలుగు రోజుల్లో జెండాలా ఊగుతుంది.

ఒక హెచ్చరిక. కొన్ని రేడియోల అడుగున చిన్న బిళ్ళలాంటిది, లేదా సన్నటి చిల్లు ఉంటుంది. అది గాలి ఆడటానికి కంపెనీ పెట్టింది. టేపు ఊపులో దాన్ని కూడా మూసేయకండి.

ఇప్పుడు ఆర్‌జే45, అంటే నెట్ కేబుల్ కొనన ఉండే ఎనిమిది పిన్నుల ప్లగ్గు, సంగతి. పాడైన రేడియోల్లో ఎక్కువ భాగం నాకు ఇక్కడే దొరికాయి. చాలా రేడియోలకు 24 వోల్టుల పాసివ్ పీఓఈ ఇస్తారు, 4, 5 తీగల్లో ప్లస్, 7, 8 తీగల్లో మైనస్. ప్లగ్గులో ఉప్పు తేమ చేరితే అక్కడ బంగారు పూత పూసే పని తలకిందులుగా జరుగుతుంది. ప్లస్ పిన్ను కరిగి పోతుంది. అందుకే విప్పి చూస్తే మిగతావి బాగుండి 4, 5 పిన్నులు మాత్రం పచ్చగా ఉంటాయి. పచ్చ కనపడితే తుడిచి మళ్ళీ పెట్టకండి. ప్లగ్గు కోసి పారేసి కొత్తది క్రింప్ చేయండి. కోసిన కొన దగ్గర రాగి నల్లబడి ఉంటే, మెరిసే రాగి వచ్చేదాకా ఇంకా వెనక్కి కోయండి. రేడియో వైపు సాకెట్ పిన్నులు తినేసి ఉంటే రేడియో మార్చడమే. కొత్త ప్లగ్గు పెట్టే ముందు డైఎలక్ట్రిక్ గ్రీజు, అంటే సిలికాన్ గ్రీజు, పిన్నుల మీద పలచగా రాయండి. కరెంటుకు అడ్డు రాదు, పిన్నులు గట్టిగా తగిలే చోట నుంచి తనే పక్కకు జరుగుతుంది, మిగతా చోట తేమకు జాగా లేకుండా చేస్తుంది. వేజలీన్ మాత్రం వద్దు, మా ఎండకు కరిగి కారిపోతుంది.

బాక్సు ఊపిరి

మూసిన బాక్సు ఊపిరి పీలుస్తుంది. మధ్యాహ్నం ఎండకు లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి సందుల్లోంచి బయటికి పోతుంది. సాయంత్రం మీద వాన పడి బాక్సు ఒక్కసారిగా చల్లబడితే లోపల ఒత్తిడి పడిపోతుంది, బయట ఉన్నదాన్ని లోపలికి లాగుతుంది. అప్పుడు బయట ఉన్నది నీరే. వాషర్ పక్కన నిలిచిన చుక్క, గ్లాండు చుట్టూ ఉన్న తడి, అన్నీ లోపలికి వస్తాయి. అందుకే ఎంత బిగిస్తే అంత మంచిదనుకోవడం పొరపాటు. గాలికి దారి ఉంటే ఈ లాగుడే ఉండదు.

నేను చేసేది ఇది. బాక్సు అడుగు మూలల్లో అన్నిటికన్నా పల్లమైన చోట 5 మిల్లీమీటర్ల చిల్లు ఒకటి వేస్తాను. లోపలి నుంచి సన్నటి స్టీలు జాలీ అంటిస్తాను, లేకపోతే చీమలు పుట్ట పెడతాయి, బల్లి దూరుతుంది. రేడియో అడాప్టర్ వేడికి చలికాలంలో బల్లులు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. రెండు కొసల మధ్య బల్లి పడితే బోర్డు పోతుంది, బల్లీ పోతుంది. చిల్లు వద్దనుకునేవాళ్ళు గాలిని పోనిచ్చి నీటిని ఆపే పొర ఉన్న వెంట్ ప్లగ్గు కొని గ్లాండులాగే బిగించుకోవచ్చు. అది ఇంకా మంచి పద్ధతి. కానీ కేబుల్ లోపలి నుంచి వచ్చే నీటిని అది వదలదు, కాబట్టి మా దగ్గర నాకు చిల్లు మీదే గురి.

కేబుళ్ళన్నీ బాక్సు అడుగు నుంచే రావాలి. పై నుంచి ఒక్కటి కూడా వద్దు, పక్క నుంచి కూడా వద్దు. బయటి క్యాట్6 కేబుల్‌కు పీజీ9 గ్లాండు సరిపోతుంది, 4 నుంచి 8 మిల్లీమీటర్ల లావు పడుతుంది. క్రింప్ చేసిన ప్లగ్గు దాంట్లోంచి దూరదు. ముందు కేబుల్ దూర్చి తర్వాత క్రింప్ చేయాలి. ఈ చిన్న విషయం మరిచి పైకెక్కాక మళ్ళీ కోసి చేసినవాళ్ళున్నారు. ఒక గ్లాండులో రెండు కేబుళ్ళు దూర్చకండి. గుండ్రటి రబ్బరు రెండు గుండ్రాల మధ్య సందును మూయలేదు. ఖాళీ గ్లాండుకు బిరడా ప్లగ్గు పెట్టండి.

సీలెంట్ వాడక తప్పని చోట న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్న సిలికాన్ అడగండి. మామూలు రకం ఆరేటప్పుడు వెనిగర్ వాసన కొడుతుంది కదా, అది ఎసిటిక్ ఆమ్లం. మూసిన బాక్సులో ఆ ఆవిరి రాగిని తింటుంది.

రంగు తెలుపు గానీ లేత బూడిద గానీ ఉండాలి. ఏబీఎస్ ప్లాస్టిక్ ఎండకు పసుపెక్కి చిట్లుతుంది, పాలికార్బొనేట్‌లో యూవీ తట్టుకునే రకం తీసుకోండి. పడమటెండ తగిలే గోడకు బిగించాల్సి వస్తే అంగుళంన్నర ఎడంతో ఒక రేకు నీడగా పెట్టండి. ఆ ఎడం ముఖ్యం, గాలి అందులోంచి పైకి పోవాలి. అనంతపురం, రామగుండం వైపు పనిచేసే మిత్రులకు ఉప్పు బాధ లేదు గానీ, మే నెలలో 45 డిగ్రీల ఎండలో మూసిన బాక్సు లోపల 60 దాటుతుంది. వాళ్ళకు ఈ నీడ రేకే మొదటి పని. నల్లరేగడి నేలల్లో ఇంకోటి: ఎండకు నేల నెర్రెలిచ్చి, వానకు ఉబ్బి స్తంభాన్ని వంచేస్తుంది, డిష్ గురి తప్పుతుంది. పునాది లోతుగా తీయండి.

ఇనుము, గాలి

బోల్టులు కొనేటప్పుడు తళతళ మెరిసేవి తీసుకోకండి. అది పలచటి జింకు పూత, మా ఊళ్ళో ఒక్క వర్షాకాలం చాలు. మసక బూడిదరంగులో కాస్త గరుకుగా ఉండేవి హాట్ డిప్ గాల్వనైజ్డ్, అంటే కరిగిన జింకులో ముంచి తీసినవి. అవి కావాలి. స్టెయిన్‌లెస్ అయితే 304 కన్నా 316 రకం మేలు. అందులో మాలిబ్డినం కలుస్తుంది, ఉప్పును అదే తట్టుకునేలా చేస్తుంది. డిష్ బ్రాకెట్ అల్యూమినియం, బోల్టు స్టెయిన్‌లెస్ అయితే ఉప్పు తేమలో ఆ రెండూ బ్యాటరీలా పనిచేసి అల్యూమినియం అరిగిపోతుంది. మధ్యలో నైలాన్ వాషర్ పెట్టండి, మరలకు యాంటీ సీజ్ గ్రీజు రాయండి. రాయకపోతే మూడేళ్ళ తర్వాత ఆ బోల్టు విప్పేటప్పుడు విరుగుతుంది.

పైపు పై కొన తెరిచి వదిలేయకండి. వాన నీరు లోపల నిలిచి లోపలి నుంచే తుప్పు పడుతుంది, పైకి రంగు బాగానే కనిపిస్తూ ఒకరోజు మొదట్లో విరుగుతుంది. పైన మూత, కింద కాంక్రీటుకు కాస్త పైన చిన్న చిల్లు ఉండాలి. కాంక్రీటు దిమ్మె పై భాగం పైపు చుట్టూ పల్లం లేకుండా బయటికి వాలుగా తీయండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా వృత్తివాళ్ళందరం ఒక లెక్క నేర్చుకున్నాం. విశాఖకు డిజైన్ గాలివేగం సెకనుకు 50 మీటర్లు, గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరు మీద దాదాపు 156 కిలోల బరువంత తోపు ఉంటుంది. 60 సెంటీమీటర్ల డిష్ మీద అది 45, 50 కిలోలు. ఇరవై అడుగుల పైపు కొన మీద ఒక పిల్లవాడు అడ్డంగా వేలాడుతున్నట్టు. డిష్ రెట్టింపు వెడల్పయితే తోపు నాలుగు రెట్లు. కాబట్టి సిగ్నల్‌కు సరిపడే దానికన్నా పెద్ద డిష్ పెట్టకండి. జాలీ డిష్ దొరికితే గాలి చాలావరకు అందులోంచి పోతుంది. ఇరవై అడుగులు దాటిన పైపుకు మూడు వైపులా స్టే వైర్లు, అంటే పైపు ఊగకుండా నేలకు లాగి కట్టే తీగలు, తప్పవు.

తుఫాను హెచ్చరిక వస్తే నేను డిష్‌లు దించేస్తాను. దించడానికి జంకేది మళ్ళీ గురి కుదరదేమోనని. దానికి ఉపాయం ఉంది. మొదటిసారి గురి కుదిరిన రోజే క్లాంపు నుంచి పైపు మీదికి పెయింటు మార్కర్‌తో అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీయండి. బ్రాకెట్ వంపు దగ్గర కూడా ఒకటి. తుఫాను వెళ్ళాక గీతకు గీత కలిపితే అరగంటలో లింకు వస్తుంది. మొదటి ఈదురుగాలి మొదలయ్యాక మాత్రం ఎవరూ స్తంభం ఎక్కకండి. అప్పటికి దించకపోతే వదిలేయండి.

పిడుగు

నేరుగా పడిన పిడుగును ఏ పెట్టె ఆపదు. మనం కాపాడుకునేది పక్క పొలంలో పడిన పిడుగు కేబుల్లో పుట్టించే పోటు నుంచి. షీల్డు ఉన్న కేబుల్, లోహపు తొడుగున్న ప్లగ్గులు, రేడియో దగ్గర ఒకటి, ఇంట్లోకి వచ్చే చోట ఒకటి ఈథర్నెట్ సర్జ్ ప్రొటెక్టర్లు పెట్టండి. వాటి ఎర్త్ తీగ పొట్టిగా, వంపుల్లేకుండా ఎర్తింగుకు పోవాలి. ఎర్త్ లేని ప్రొటెక్టర్ ఉన్నా లేనట్టే. చాలాచోట్ల ఆ ఆకుపచ్చ తీగ గాలిలో వేలాడుతూ కనిపిస్తుంది.

స్తంభానికి ఒక ఎర్తు, ఇంటి కరెంటుకు ఇంకో ఎర్తు ఉంటే రెంటినీ లావుపాటి తీగతో కలపండి. కలపకపోతే పిడుగు పడ్డ క్షణంలో రెండు నేలల మధ్య వోల్టేజీ తేడా మీ కేబుల్లోంచే పరుగెడుతుంది. మా ఉప్పు నేలల్లో ఎర్తు నిరోధం చాలా తక్కువగా వస్తుంది, అది వరం. ఆ ఉప్పే జీఐ (జింకు పూత పూసిన ఇనుప) రాడ్డును తినేస్తుంది, అది శాపం. ఏటా తవ్వి చూడండి. ఉరుములు మొదలవకముందే కేబుల్ పీకేయడం అన్నిటికన్నా నమ్మకమైన పని. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ళ దామిని యాప్ దగ్గర్లో పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది, చెరువు కాపలా కుర్రాళ్ళ ఫోన్లలో అది వేయించండి. వాళ్ళ ప్రాణానికీ మంచిది.

ఎప్పుడు చూడాలి

మే ఆఖరులో ఒకసారి, సెప్టెంబరు ఆఖరులో ఒకసారి చూస్తాను. మేలో ఎండ చేసిన నష్టం: చిట్లిన టేపు, తెగిన టైలు, గట్టిబడిన వాషర్లు. సెప్టెంబరులో గాలికి సంబంధించినవి: స్టే వైర్లు, క్లాంపులు, గీతలు. సంక్రాంతి ముందు ఇంకోసారి వెళ్ళి డిష్ మీద, బాక్సు మీద పేరుకున్న ఉప్పును మంచినీళ్ళతో తడిపిన గుడ్డతో తుడుస్తాను. చెరువు నీళ్ళతో కడగొద్దని కాపలావాళ్ళకు చెప్పండి, ఒకచోట పాపం మంచి మనసుతో అదే చేశారు.

బాక్సు తెరిచిన ప్రతిసారీ రంగు మారే సిలికా జెల్ సంచి చూడండి. చిల్లు ఉన్న బాక్సులో అది ఎక్కువ కాలం పనిచేయదు. నేను దాన్ని తేమ పీల్చడానికి పెట్టను, సాక్షిగా పెడతాను: రెండు వారాల్లోనే రంగు మారితే ఎక్కడో నీరు దిగుతోందని అర్థం. చిల్లు చీమల మట్టితో పూడుకుపోయిందేమో పుల్లతో పొడిచి చూడండి. ఫోన్లో లోపలి ఫొటో ఒకటి తీయండి. రేడియో చూపించే సిగ్నల్ అంకెను, తేదీని మూత లోపలి వైపు మార్కర్‌తో రాయండి, మైనస్ 58 అయితే మైనస్ 58 అని. వచ్చే ఏడాది ఎండగా ఉన్న రోజు అది మైనస్ 66 చూపిస్తే, అంటే సిగ్నల్ తగ్గితే, డిష్ కదలలేదని గీతలు చెబుతుంటే, టేపు విప్పడం కనెక్టర్ దగ్గర మొదలుపెట్టండి.